నామకరణమా? అక్షరాల వేటా?

శిశువు లోకవ్యవహారంలోకి ప్రవేశించేది నామంతోనే. సంకల్పంలో గోత్రం తరువాత పలికేది ఆ నామాన్నే. ఆ శిశువు పెరిగి పెద్దవాడై, కాలధర్మం చెందిన పిమ్మట కుమారుడు తిలోదకాలు విడిచేటప్పుడు ఉచ్చరించేదీ ఆ నామాన్నే. ఇంతటి దీర్ఘప్రయోజనం గల సంస్కారం నేడు ఒక అక్షరం కోసం సాగే వేటగా దిగజారింది. గర్భిణికి సీమంతమైనా కాకముందే చరవాణిలో పేర్ల జాబితాలు సిద్ధమవుతున్నాయి. ప్రసవమైన గంటలోపే పురోహితునికి ఫోను వెళుతున్నది. నక్షత్రమేది, పాదమేది, అక్షరమేది అనే మూడు ప్రశ్నలతో విచారణ ముగుస్తున్నది. అర్థమేమిటి అనే నాల్గవ ప్రశ్నకు అక్కడ తావు లేదు.

ఇది మహానగరాలకో, సముద్రాల కావల స్థిరపడిన తెలుగువారికో పరిమితమైన వ్యాధి కాదు. హరికథా పాఠశాలతో ప్రసిద్ధికెక్కిన కపిలేశ్వరపురం వంటి ఊళ్ళలో, భగవత్కథాగానాన్ని ఒక విద్యగా అభ్యసించే గౌతమీ తీరంలో కూడా, ఉయ్యాలలోని పసికందులకు ఏ కోశంలోనూ కానరాని ధ్వనులు పేర్లవుతున్నాయి. పైగా దీనికంతటికీ శాస్త్రమని ముద్ర వేస్తున్నారు. అసలు అపచారం అదే. కనుక శాస్త్రమేమంటున్నదో ముందుగా చూడాలి.

ఆంధ్రదేశంలో కృష్ణయజుర్వేదులు అధికంగా అనుసరించేది ఆపస్తంబ గృహ్యసూత్రం. అది జన్మసమయంలో శిశువుకు నక్షత్రనామాన్ని నిర్దేశించి, వెంటనే అది రహస్యంగా ఉండాలని శాసించింది. వ్యవహారనామాన్ని మాత్రం పదవ దినాన, తల్లి పురిటిస్నానం చేసిన తరువాత, తల్లిదండ్రులిద్దరూ కలిసి పెట్టాలన్నది. ఆ నామానికి లక్షణాలూ చెప్పింది: బాలునికి రెండు లేక నాలుగు అక్షరాలు, బాలికకు బేసి సంఖ్యలో అక్షరాలు, ఘోషాక్షరంతో ఆరంభం, నడుమ య ర ల వ లలో ఒకటి. భద్రుడు, దేవదత్తుడు అనే నామాలు ఈ లక్షణానికి చక్కగా సరిపోతాయి. ఇందులో నక్షత్రపాదాక్షరం ప్రసక్తి ఎక్కడా లేదు. నక్షత్రనామం గోప్యం, వ్యవహారనామం ప్రకటం. నేడు జరుగుతున్నదేమిటి? గోప్యంగా ఉంచవలసిన నక్షత్రాన్ని పేరు మొదటి అక్షరంలోనే ఊరంతటికీ చాటుతున్నారు. ప్రకటం కావలసిన అర్థాన్ని మాత్రం ఎవరికీ తెలియనంత గోప్యం చేస్తున్నారు!

ఇక చూ, చే, చో, లా అంటూ అశ్వినితో మొదలయ్యే పాదాక్షరాల సంగతి. ఇవి అవకహడ చక్రంలోనివి, జ్యోతిషానికి సంబంధించినవి. జన్మకాలం తెలియనివారికి పేరులోని తొలి అక్షరాన్ని బట్టి నామనక్షత్రాన్ని గుర్తించడం ఈ చక్రానికి గల ప్రసిద్ధ ప్రయోజనం. అంటే అక్కడ పేరు ముందు, నక్షత్రం తరువాత. ఆ క్రమాన్ని తలక్రిందులు చేసి, తప్పనిసరి విధిగా ప్రచారం చేస్తే వచ్చే చిక్కు ఆ చక్రంలోనే కనిపిస్తుంది. ఆర్ద్ర మూడవ పాదానికి ఙ, హస్త మూడవ పాదానికి ణ వస్తాయి. ఙకారంతో మొదలయ్యే పేరును ఏ తండ్రి పెట్టగలడు? అక్కడ వేరొక అక్షరాన్ని స్వీకరించక తప్పదు. ఒకచోట మినహాయింపు చెల్లినప్పుడు, మరొకచోట అక్షరం కోసం అర్థాన్నే బలి ఇవ్వవలసిన అగత్యమేమి?

అర్థం సంగతి మహాభాష్యకారుడు తేల్చి చెప్పాడు. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన పతంజలి, వ్యాకరణం ఎందుకు చదవాలో వివరిస్తూ చూపిన ప్రయోజనాలలో పుత్రునికి పేరు పెట్టడం ఒకటి! పేరు కృదంతం కావాలి, తద్ధితాంతం కారాదు; ఆ భేదం వ్యాకరణం చదవనివానికి తెలియదు అన్నది ఆయన వాదం. త్రిపురుషానూకం అనే లక్షణం కూడా అక్కడిదే. తండ్రి వైపు మూడు తరాల పెద్దలను అనుసరించిన నామం అని దానికర్థం. మరొక సందర్భంలో ‘లృతకుడు’ అనే ఇష్టానుసార నామం సాధువా కాదా అనే చర్చ వచ్చినప్పుడు, న్యాయంగా సిద్ధించే ‘ఋతక’ శబ్దాన్నే స్వీకరించాలని సమాధానం చూపాడు. నోటికి వచ్చినదల్లా నామం కాదని అప్పుడే నిర్ణయమైంది.

ఈ గీటురాయిపై నేటి పేర్లను ఒరసి చూడాలి. ‘రియాంశ్’ అంటే సూర్యుని అంశ అని జాబితాలు చెబుతున్నాయి. అంశ శబ్దం సరే, ‘రియ’ అనే సూర్యవాచకం ఏ నిఘంటువులో ఉన్నది? ‘ఆయాంశ్’ వ్యాకరణానికి నిలుస్తుంది గాని, ఆయమంటే రాబడి; కనుక అది ఆదాయంలో వాటా! ‘హన్విక’ అంటే లక్ష్మి అంటారు. అమరుడు చెప్పిన లక్ష్మీనామాలలో అది లేదు. ‘హన్’ ధాతువుకు చంపడం, వెళ్ళడం అని అర్థం. స్త్రీల నామం సుఖంగా ఉచ్చరించదగినదై, క్రూరార్థం లేనిదై, స్పష్టమైన అర్థం కలదై, మంగళకరమై, దీర్ఘాంతమై ఉండాలని మనుస్మృతి రెండవ అధ్యాయం చెబుతున్నది. పేరును దీర్ఘంతో ముగించినంత మాత్రాన తక్కిన లక్షణాలు వచ్చి చేరవు.

దీనికి తోడు సంఖ్యాశాస్త్రం. ఆంగ్లలిపిలో ఒక అక్షరం అదనంగా చేర్చితే అదృష్టం కలుగుతుందట. ఐర్లండు దేశీయుడు కీరో వంటివారు ప్రచారం చేసిన ఈ పద్ధతికి ఏ గృహ్యసూత్రంలోనూ మూలం లేదు. అక్షరాలను సంఖ్యలుగా గణించే విద్య ఈ దేశంలో లేకపోలేదు, అది కటపయాది. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2. త్రిప్పి చదివితే 29వ మేళకర్త. అక్కడ సంఖ్య నామంలో ఒదిగింది, అర్థం చెక్కుచెదరలేదు. ఇక్కడ సంఖ్య కోసం నామమే వికృతమవుతున్నది.

కొత్తదనం కోరడం తప్పా అని కొందరు ఆక్షేపిస్తారు. తప్పు కాదు. ఆద్య, తన్వి, శ్రేయాన్ అనే మాటలు నేటి చెవికి ఇంపుగానే ఉన్నాయి, శుద్ధ సంస్కృతమే. శాస్త్రం నిషేధించినది నవ్యతను కాదు, నిరర్థకతను. ముద్దుపేర్లు మాత్రం అర్థవంతాలా అని మరికొందరు అడుగుతారు. బుజ్జి, చంటి, అబ్బులు, చిట్టి అనేవి శాస్త్రమని చెప్పుకోలేదు; వాటి అర్థం వాత్సల్యమే. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట మరొక బిడ్డ పుడితే పెంటయ్య అనో, పుల్లయ్య అనో పిలిచేవారు. మృత్యుదృష్టి పడకూడదనే తల్లి భయం ఆ పిలుపులో ఉన్నది. భాగవతం ఆరవ స్కంధంలో అజామిళుడు పిలిచినది కూడా తన కడగొట్టు కొడుకును, మమకారంతోనే. అయితే ఆ పేరు నారాయణ. పిలుపు ప్రేమదైనా, పేరు తన పని తాను చేసింది.

ఈ సత్యం గోదావరీ మండలంలోని పూర్వులకు తెలుసు. కోటిపల్లి సోమేశ్వరుని పేరిట సోమేశ్వరరావు, ద్రాక్షారామ క్షేత్రం పేరిట భీమశంకరం, మాణిక్యాంబ, పలివెల స్వామి పేరిట కొప్పేశ్వరరావు, అంతర్వేది దేవుని పేరిట నరసింహమూర్తి, అన్నవరం స్వామి పేరిట సత్యవతి. బడిలో హాజరుపట్టీ చదివితే క్షేత్రయాత్ర చేసినట్లుండేది. ఏ ఇంటివారు ఏ దేవుని నమ్మినవారో పేరే చెప్పేది. ఆయాంశ్ అనే పేరు ఏ ఊరిని, ఏ దైవాన్ని, ఏ పెద్దను స్మరింపజేస్తుంది?

దోషం తల్లిదండ్రులది మాత్రమే కాదు. అక్షరం చెప్పి దక్షిణ గ్రహించి, వచ్చిన పేరు అపశబ్దమని తెలిసీ బియ్యంపై వ్రాయించే పురోహితునిది అంతకు మించిన దోషం. ఎంతటి అపశబ్దానికైనా ‘నామధేయస్య’ అని చేర్చి సంకల్పం సాగించవచ్చు. అది నోటికి సౌకర్యం, ధర్మానికి లోపం. అర్థం లేని పేరును అర్థం లేదని చెప్పడం పౌరోహిత్యంలో భాగం. యజమాని నొచ్చుకుంటాడని వెనుదీసేవాడు ఆ పీటపై కూర్చోనక్కరలేదు.

ఆసుపత్రిలో తొందరపెడుతున్నారనే సాకు కూడా నిలువదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననాన్ని 21 రోజులలో తెలపాలి గాని, పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. ఆ తరువాత 12 నెలల వరకు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. శాస్త్రం పది దినాలు ఆగమన్నది, చట్టం ఏడాది గడువిచ్చింది. ఆగలేనిది చరవాణి ఒక్కటే.

బిడ్డ కోసం ఎదురుచూసే మాసాలలో చేయదగిన పని ఒకటున్నది. మూడు తరాల పెద్దల పేర్లు ఇంటి వృద్ధులను అడిగి తెలుసుకోవాలి. ముత్తాత పేరు తెలియని ఇళ్ళు నేడు ఎన్నో. తర్పణంలో ఆ పేరు వచ్చేచోట తడబడే తండ్రి, బిడ్డకు అక్షరం వెదకడంలో మాత్రం తడబడడం లేదు. ముందు ఆ మూడు పేర్లు తెలియాలి. వాటిలో ఒకటి ఉయ్యాలకు తగినదై ఉండవచ్చు. కాకపోయినా, పేరంటే ఎలా ఉండాలో అవి నేర్పుతాయి.