ఎండ పొడ, టీకా కార్డు

కుక్క ఉన్న ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం చెప్పుకోదగ్గ సంఘటనేదీ జరగదు. కిటికీలోంచి గచ్చు మీద ఎండ పొడ పడిన చోటు వెతుక్కుని అది పడుకుంటుంది. ఎండ జరిగితే తనూ జరుగుతుంది. నిద్రలో కాళ్లు కదిలిస్తుంది, గొంతులోనే చిన్నగా మొరుగుతుంది. కలలో ఏ పిల్లిని తరుముతోందో మనకు చెప్పదు. ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి చలించని ఆ చెవులు, పెరుగు గిన్నె మీద మూత కదిలితే మాత్రం నిక్కబొడుచుకుంటాయి.

మా ఇంట్లో ఉన్నది వీధిలోంచి వచ్చిన నాటు కుక్కే. పదేళ్లు దాటాయి. మూతి నెరిసింది. మెట్లు ఎక్కే ముందు ఓసారి ఆలోచిస్తోంది. కుక్కకు ఒక ఏడాదంటే మనిషికి ఏడేళ్లన్నది పాత లెక్క. నిజానికి మొదటి రెండేళ్లలోనే అది గబగబా పెద్దదైపోతుంది, ఆ తర్వాత వేగం తగ్గుతుంది. ఏ లెక్కన చూసినా ఇంట్లో అందరికంటే చివర వచ్చి, అందరికంటే ముందు ముసలిదయ్యేది అదే.

అందుకే ఏమీ జరగని రోజున కూడా కంగారుకి కొదవుండదు. ఒళ్లు వేడిగా తగిలితే జ్వరమేమో అనిపిస్తుంది. మనకు 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలైతే, దానికి 101 నుంచి 102.5 దాకా మామూలే. కాబట్టి మన చేతికి అదెప్పుడూ వెచ్చగానే ఉంటుంది. చెవుల వెనక గోమార్లు ఉన్నాయేమో వెతకాలి. ఇంటికొచ్చిన చుట్టాలు ముద్దుగా పెట్టబోయే చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ దానికి విషమని నొచ్చుకోకుండా చెప్పాలి. ఇక దీపావళి వస్తే మంచం కింద దానికి చోటు సిద్ధం చేయాలి. అదే పండగ రోజుల్లో నేపాల్‌లో 'కుకుర్ తిహార్' పేరుతో కుక్కల మెడలో బంతిపూల దండ వేసి, నుదుట బొట్టు పెట్టి మంచి భోజనం పెడతారు. మనం పెట్టేది లక్ష్మీ బాంబు.

ఇంతలో గేటు బయట ఇంకో కుక్క మొరుగుతుంది. మాది లేచి వెళ్లి వాసన చూసి వస్తుంది. రెండూ ఒకే జాతి, ఒకే రంగు. తేడా అల్లా, లోపలిదానికి టీకా కార్డు ఉంది. ఆ కార్డు లేకపోతే ఈ మధ్యాహ్నం ఇంత ప్రశాంతంగా ఉండదు.

ఎదురింటి పిల్లవాడు ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు పుస్తకాల సంచీని కాళ్లకు అడ్డం పెట్టుకుని నడుస్తాడు. మొరిగే కుక్క కరవదన్న సామెత అతనికి ధైర్యమివ్వదు. అతని భయం ఉత్త పిరికితనం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. మనుషులకు ఆ జబ్బు వచ్చేది దాదాపుగా కుక్కకాటు వల్లే. కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పాశ్చర్ ఒక బాలుడికి తొలిసారి ఆ టీకా వేసింది 1885లో. ఇన్నేళ్ల తర్వాత కూడా పిల్లలు దీంతో చనిపోతున్నారంటే, అది మందు లేక కాదు.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, పరిసరాల్లోని వీధి కుక్కలను షెల్టర్లకు తరలించమంది. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. అదే నెల 22న ఆ ఆదేశాన్ని సవరిస్తూ, రేబిస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి మినహా మిగతావాటికి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమంది. నవంబర్ 7న స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలాంటి చోట్ల నుంచి తొలగించినవాటిని తిరిగి అక్కడ వదలొద్దంది. ఈ వాదనల్లో కుక్కను ప్రేమించేవారు ఒక పక్క, భయపడేవారు మరో పక్క నిలబడ్డారు. నిజానికి ఇద్దరికీ కావలసింది ఒకటే. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితే వాటిలో రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. ఈ పని మునిసిపాలిటీది. అది చేసిందో లేదో అడగడం, వ్యాన్ వచ్చిన రోజున మన వీధి కుక్కలెన్నో, ఏవెక్కడ పడుకుంటాయో చూపించడం మన పని. రోజూ అన్నం పెట్టే చెయ్యి పిలిస్తే అవి వస్తాయి. వ్యాన్ పిలిస్తే రావు.

వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గంలోకి రానన్నాడని ధర్మరాజు కథ గొప్పగా చెప్పుకుంటాం. ఆ కుక్క చివరకు సాక్షాత్తూ ధర్మదేవతే అని తేలింది. మన వీధి చివర పడుకున్నది ఎవరో తేలేదాకా ఆగనక్కర్లేదు. ముందు దానికి సూది పడాలి. అప్పుడు ఎదురింటి పిల్లవాడు సంచీని భుజానికి తగిలించుకుని నడుస్తాడు.