గుర్రపు బలము ఒక్కటే చాలదు: ట్రక్కు లాగుటలో వెనుక ఇరుసు సంగతి

నెల్లూరు జిల్లా సముద్రతీర మండలములలో ట్రాక్టరు కొనదలచిన రైతు డీలరును మొదట అడుగు ప్రశ్న "ఎన్ని హార్సుపవరు?" అనునది. తరువాత ధర, ఆ తరువాత డీజిలు ఖర్చు. యింజను బలము వెనుక చక్రమునకు చేరుసరికి ఎంత లాగుడుగా మారుచున్నది, ఏ గేరులో బండి గంటకు ఎన్ని కిలోమీటర్లు నడచును అని అడిగినవారిని నా ఉద్యోగకాలములో వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. పొలము దున్నుటకు మాత్రమే కొనువారికి ఈ అశ్రద్ధ వలన పెద్దనష్టము లేకపోవచ్చును. ట్రక్కు లాగుటకు కొనువారికి మాత్రము ఈ అడుగని ప్రశ్నయే ముఖ్యమైనదని నా అభిప్రాయము.

ఈ మాట వ్రాయుటకు కారణము ఒకటి కలదు. కిందటి రబీ కోతల సమయమున బకింగ్‌హాం కాలువ మీది ఒక వంతెన వద్ద నేనుండగానే ఒక ప్రమాదము జరిగినది. కోత మిషను నుండి నేరుగా ట్రక్కులో పోసిన ధాన్యము సుమారు 5 పుట్లు, అనగా మన జిల్లా పుట్టి లెక్కన 4,250 కిలోలు. బండి 45 హార్సుపవరుది. మిల్లుకు త్వరగా పోయి వచ్చుటకని యజమాని కొంతకాలము క్రితమే బస్తీలోని ఒక షెడ్డులో వెనుక ఇరుసులోని క్రౌను, పినియను మార్పించి, వేగము పెంచుకొనియుండెను. డ్రైవరు వంతెన మిట్టను పై గేరులోనే ఎక్కింపబోయెను. సగము ఎక్కునప్పటికి యింజను ఉక్కిరిబిక్కిరి అయినది. గేరు దించుటకు క్లచ్చి తొక్కగానే బండి నిలిచి వెనుకకు జారసాగినది. బ్రేకు పట్టినను చక్రములు మట్టిలో ఈడ్చుకొనిపోయినవి. ట్రక్కు అడ్డము తిరిగి, ఒక చక్రము గట్టు దాటి వ్రేలాడినది. ధాన్యము మీద కూర్చున్న కూలీలిద్దరు దూకిరి. వారిలో ఒకరికి కాలు విరిగినది.

"నలభై అయిదు హార్సుపవరు బండి గదా సార్, ఈ మాత్రం మిట్ట ఎక్కలేకపోయిందేంది?" అని యజమాని నన్నడిగెను. ఆ సమయమున ఆ కూలీని ఆసుపత్రికి చేర్చు తొందరలో ఉంటిమి గనుక సమాధానము చెప్పలేదు. ఇప్పుడు చెప్పుచున్నాను.

జట్కా గుర్రమును, ఒంగోలు ఎద్దుల జతను తలచుకొనుడు. గుర్రము పరుగెత్తగలదు, కాని బురద కయ్యలో నాగలికి కట్టిన నిలిచిపోవును. ఎద్దులు మెల్లగా నడచును, కాని బండలాగుడు పందెములో ఎంతటి రాతినైనను కదలించును. యింజను స్వభావముచే జట్కా గుర్రము వంటిది. నిమిషమునకు సుమారు 2,000 చుట్లు తిరుగును. దానిని ఎద్దుల జతగా మార్చునవి గేరుపెట్టె, దాని వెనుక ఇరుసు పెట్టె. మన మెకానిక్కులు హౌసింగు అనునది ఇదియే. అందులో చిన్న పినియను పెద్ద క్రౌను చక్రమును త్రిప్పును. పినియనుకు 9 పండ్లు, క్రౌనుకు 41 పండ్లు ఉన్నయెడల పినియను నాలుగున్నర చుట్లు తిరిగినగాని క్రౌను ఒక్క చుట్టు తిరుగదు. వేగము నాలుగున్నర రెట్లు తగ్గును. మెలిత్రిప్పు బలము దాదాపు అన్ని రెట్లు పెరుగును. ట్రాక్టరులో ఇది చాలక, ఇరుసు చివర మరియొక జత పండ్లచక్రములు గాని, డీలర్లు ప్లానెటరీ అని చెప్పు అమరిక గాని ఉండి వేగమును ఇంకను తగ్గించును. క్రౌను 41కి బదులు 37 పండ్లది వేసినచో బండి నూటికి పది పాళ్లకు పైగా వేగముగా పోవును. అంతమేరకు లాగుడు తగ్గును. ఒకటి పెంచి రెండవది నిలుపుకొనుట ఏ మెకానిక్కు వలనను కాదు.

లెక్క ఎవరైనను వేసికొనవచ్చును. ఒక హార్సుపవరు అనగా సెకనుకు 75 కిలోల బరువును ఒక మీటరు ఎత్తుటకు కావలసిన బలము. 45 హార్సుపవరుకు 3,375 అగును. గేర్లలోను, ఇరుసులోను, చక్రము వద్దను పోవు నష్టము తీసివేయగా సుమారు 2,600 మిగులునని అనుకొందము. గంటకు 30 కిలోమీటర్ల వేగమునకు సెకనుకు ఎనిమిదింబావు మీటర్లకు కొంచెము పైగా అగును. 2,600ను దానితో భాగించిన 310 కిలోల లాగుడు మాత్రమే వచ్చును. అదే యింజను గంటకు 15 కిలోమీటర్ల గేరులో 620 కిలోలు, 8 కిలోమీటర్ల గేరులో 1,170 కిలోలు, 5 కిలోమీటర్ల గేరులో 1,870 కిలోలు లాగజూచును. యింజను మారలేదు. మారినది పండ్ల లెక్క ఒక్కటే.

ఇక ఆ ట్రక్కు కోరినదెంత? ట్రాక్టరు 2 టన్నులు, ఖాళీ ట్రక్కు ఒకటిన్నర టన్ను, ధాన్యము నాలుగుంబావు టన్నులు, మొత్తము ఏడుముప్పావు టన్నులు. చదునైన తారురోడ్డుపై దీనిని నడుపుటకు సుమారు 155 కిలోల లాగుడు చాలును. కనుకనే కోవూరు వైపు రోడ్డున పై గేరులో హాయిగా పోవును. డ్రైవరుకు బండి మీద నమ్మకము కలుగునది కూడ అక్కడనే. మట్టిబాటపై సుమారు 390 కిలోలు కావలెను. ఆ మట్టిబాటయే పది మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కు మిట్టయైనచో ఇంకొక 775 కిలోలు చేర్చవలెను. వెరసి 1,165 కిలోలు. అనగా గంటకు 8 కిలోమీటర్లకు మించని గేరులో ఉన్ననే 45 హార్సుపవరు ఆ మిట్టను ఎక్కించును. ఆనాడు డ్రైవరు ఉన్న గేరు అంతకు రెట్టింపు వేగముది.

మన తీరము బల్లపరుపు నేల గదా, మిట్టలెక్కడ అని కొందరందురు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు ప్రాంతములలో తిరిగినవారికి ఈ సందేహము రాదు. కాలువ వంతెనలు, కాలువ గట్టుల మీదికెక్కు బాటలు, కయ్యలో నుండి రోడ్డు మీదికి వచ్చు ర్యాంపులు, రొయ్యల చెరువు కట్టలు, వీటన్నిటి పొడవు కలిపినను మిల్లు దారిలో రెండు మూడు వందల మీటర్లు ఉండదు. బండిని ఎంచుకొనవలసినది ఆ రెండు వందల మీటర్లను చూచియేగాని, తక్కిన ఆరు కిలోమీటర్ల తారురోడ్డును చూచి కాదు. (ఒకప్పుడు బకింగ్‌హాం కాలువలో పడవలమీద సరుకు పోవు రోజులలో ఈ బాధ లేదు. నీటికి మిట్టలుండవు.)

అయితే గేరు తగ్గించినంత మాత్రమున పని అయిపోవునని అనుకొనరాదు. చక్రము నేలను పట్టవలెను. 2 టన్నుల ట్రాక్టరులో వెనుక చక్రములపై పడు బరువు సుమారు 1,200 కిలోలు. ఎండిన గట్టి మట్టిలో దానిలో నూటికి అరువది పాళ్లు, అనగా 720 కిలోల వరకే పట్టు దొరకును. తడిసిన నల్లరేగడిలో అందులో సగమైన దొరకదు. చౌడు ఇసుకలో చెప్పనక్కరలేదు. ఎంత క్రింది గేరు వేసినను చక్రము ఉన్నచోటనే తిరిగి గుంట త్రవ్వుకొనును. రెండు చక్రముల ట్రక్కు తన బరువులో కొంత ట్రాక్టరు హుక్కుపై మోపును గనుక పట్టు పెరుగును. నాలుగు చక్రముల ట్రక్కుకు ఆ లాభము లేదు. టైర్లలో ముప్పాతిక వంతు నీరు నింపినచో మరికొంత బరువు చేరును. ఇవన్నియు చేసినను చాలనప్పుడు మూడు పుట్లు వేసికొని రెండవ తడవ వచ్చుటయే మార్గము. ట్రక్కును ఎప్పుడును ఇరుసుకు క్రిందుగా ఉండు డ్రాబారుకే కట్టవలెను. పట్టు కొరకని పైనున్న టాప్ లింకు చోట తగిలించినచో ముందు చక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు బోర్లపడును.

క్రౌను, పినియను మార్పించుటను గూర్చి నా అభిప్రాయమును దాచను. అది మానవలెను. అద్దెకు తోలువారు చెప్పు మాట నేనెరుగుదును. కోతల రోజులలో మిల్లు ముందు వరుస పెరుగును, ఒక ట్రిప్పు ఎక్కువ వేసిన కిస్తీకి డబ్బు చేరును. ఇది నిజమే. కాని లెక్క చూడుడు. పొలము నుండి మిల్లుకు 6 కిలోమీటర్లనుకొనిన, గంటకు 30 కిలోమీటర్ల చొప్పున 12 నిమిషములు, 35 చొప్పున పది నిమిషములకు కొంచెము పైన పట్టును. మిగిలినది రెండు నిమిషములైన లేదు. మిల్లు వద్ద కాటాకు నిలిచియుండునది ఎంతసేపో రైతులకు నేను చెప్పనక్కరలేదు. ఆ రెండు నిమిషముల కొరకు ప్రతి గేరులోను లాగుడు తగ్గించుకొనుచున్నాము; బ్రేకులు మాత్రము పాత వేగమునకు చేసినవే. వెనుక టైరు సైజు పెంచుట కూడ ఇటువంటిదే. 13.6-28 తీసివేసి 14.9-28 వేసినచో చక్రపు ఎత్తు నూటికి నాలుగైదు పాళ్లు పెరిగి, లాగుడు అంతమేరకు తగ్గును. రోడ్డుమీద నిజముగానే ఎక్కువ పని ఉన్నవారు గేర్ల సంఖ్య ఎక్కువగా గల మోడలును మొదటనే కొనుట మేలు. ఎనిమిదికి బదులు పన్నెండు ముందు గేర్లు గల బండ్లు దొరకుచున్నవి; వాటిలో ఒక గేరుకు మరియొక గేరుకు నడుమ ఎడము తక్కువ.

ఈ మధ్య రొయ్యల సాగు చేయు యువకులు మరియొక ప్రశ్న అడుగుచున్నారు. మేత, ఐసు మోయుటకు పికప్ వ్యాను ఎటులను ఉన్నది గదా, దానికే చిన్న ట్రక్కు తగిలించి డీజిలు పంపుసెట్టును, ఏరియేటర్లను లాగరాదా అని. అమెరికా దేశములో ఇట్లు లాగుట సర్వసాధారణము. అక్కడ పికప్ కొనునప్పుడే వెనుక ఇరుసు నిష్పత్తి 3.55 కావలెనా, 3.73 కావలెనా, 4.10 కావలెనా అని ఎంచుకొను వీలు కలదు. అంకె పెరిగినకొలది లాగుడు ఎక్కువ, హైవే మీద డీజిలు ఖర్చు ఎక్కువ. మనకు సాధారణముగా మోడలుతో వచ్చిన ఇరుసే గతి. మొదటి గేరు నాలుగు రెట్లు, ఇరుసు 4.1 అనుకొనిన, మొత్తము తగ్గింపు సుమారు 16 రెట్లు. ట్రాక్టరులోనో, గంటకు రెండున్నర కిలోమీటర్ల గేరులో యింజను సుమారు 190 చుట్లు తిరిగినగాని వెనుక చక్రము ఒక చుట్టు తిరుగదు. పికప్ మొదటి గేరులో యింజను నిమిషమునకు వేయి చుట్లు తిరుగునప్పుడే బండి గంటకు 8 కిలోమీటర్లు పోవును. చెరువు కట్టమీద బరువుతో అంతకంటె మెల్లగా నడువవలెనన్న క్లచ్చి సగము తొక్కి ఉంచవలసినదే. అట్లు కొన్నాళ్లు చేసిన క్లచ్చి ప్లేటు కాలును. తయారీదారు బండి కాగితములలో లాగదగిన బరువు ఇంతయని వ్రాసి ఇయ్యని పికప్‌నకు ట్రక్కు తగిలింపరాదు. పెట్టెలో మోయుటకు మాత్రమే కొనువారు, ఐసు వేసిన రొయ్యలతో హైవే మీద దూరము పోవలసియున్న చిన్న అంకె గల ఇరుసును, కట్టలమీద మేత మోయవలసియున్న పెద్ద అంకె గలదానిని ఎంచుకొనవచ్చును.

గ్రామాధికారులకు రెండు మనవులు. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వపు యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. అచట పరీక్షింపబడిన ట్రాక్టరు నివేదికలో ప్రతి గేరులోను బండి వేగమెంతయో, డ్రాబారు వద్ద లాగుడెంతయో, చక్రము ఎంత జారినదో అంకెలతో ఉండును. రైతు సంఘము బండి కొనునప్పుడు ఆ నివేదికను తెప్పించి, రైతు సేవా కేంద్రములో నలుగురికి చదివి వినిపింపుడు. డీలరు కాగితములో పెద్ద అక్షరములతో ఉన్న హార్సుపవరు కంటె, నివేదికలోని 8 కిలోమీటర్ల లోపు గేర్ల లాగుడు మనకు పనికివచ్చు అంకె.

రెండవది ఇంకను చౌక. పదికి ఒకటిగా ఉన్న మిట్టను ఇరువదికి ఒకటిగా చేసినచో ఆ ఏడుముప్పావు టన్నులకు 1,165 కిలోలకు బదులు 775 కిలోల లాగుడు చాలును. అనగా 12 కిలోమీటర్ల గేరులో ఎక్కును. రెండు మీటర్ల ఎత్తు గట్టునకు ర్యాంపు పొడవు 20 మీటర్లకు బదులు 40 మీటర్లు కావలెను. కొన్ని ట్రక్కుల మట్టి, రెండు దినముల పని. ఊరిలోని ట్రాక్టర్లన్నిటికి ఒకేసారి ఇరుసు మార్చినంత లాభము ఇందున్నది. ఎడగారు పంట ధాన్యము కదలకమునుపే పంచాయతీ చేత ఈ పని చేయింపవచ్చును. పెద్ద ట్రాక్టర్లకు సిఫారసులు వ్రాయుటకు వెచ్చించు ఓపికలో కొంత దీనికి వెచ్చింపవలెనని కోరుచున్నాను.

డ్రైవర్లకు కూడ ఒక మాట. మిట్ట ఎక్కుటకంటె దిగుట అపాయకరము. మన ట్రక్కులలో చాలవాటికి బ్రేకులు లేవు. అయిదు పుట్ల ట్రక్కు తారు వేసిన వంతెన దిగునప్పుడు సుమారు 460 కిలోల బలముతో ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. ఎక్కునప్పుడు ఏ గేరు వేసిరో ఆ గేరులోనే, మిట్ట ఆరంభింపకముందే వేసికొని, రెండు బ్రేకు పెడళ్లను కలిపి గొళ్లెము పెట్టి, క్లచ్చి మీద కాలు పెట్టక దిగవలెను. వంతెన వద్ద ధాన్యము మీదనున్న కూలీలను దింపి, వారు నడచి దాటిన పిమ్మటనే బండిని కదలింపవలెను.