శ్రీలంకను చూపి చేతులు దులుపుకోజాలరు

జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలని కొఠారీ కమిషన్ 1966లో సిఫారసు చేసింది. 1968 విద్యావిధానం దానిని ఆమోదించింది. 1986 విధానం పునరుద్ఘాటించింది. 2020 విధానం సైతం అదే అంకెను భక్తిశ్రద్ధలతో వల్లించింది. ఈలోగా ప్రభుత్వాలు మారాయి, జెండాలు మారాయి. కేంద్ర, రాష్ట్రాల వ్యయం కలిపి చూసినా, ఆ 6 శాతాన్ని మాత్రం ఈ దేశం ఎన్నడూ అందుకోలేదు. లెక్కకట్టే పద్ధతిని బట్టి 3 నుంచి 4.5 శాతం నడుమనే అది నేటికీ కొట్టుమిట్టాడుతున్నది.

ఈ మాట ఎత్తగానే పొదుపు పండితులు పొరుగునున్న శ్రీలంకను చూపుతారు. ఇటీవలి సంవత్సరాలలో అక్కడి ప్రభుత్వం విద్యకు వెచ్చిస్తున్నది స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 2 శాతమే. అయినా అక్షరాస్యత 90 శాతానికి పైబడింది. మనది 2011 జనగణన నాటికి 74 శాతం. కనుక లోపం నిధుల్లో లేదు, ఉపాధ్యాయుల బద్ధకంలో ఉన్నదని వారి తీర్పు!

అంకెలు నిజమే, తీర్పు అబద్ధం. ఆ 2 శాతం నేటి ఖర్చు. ఆ 90 శాతం నిన్నటి ఖర్చుకు ఫలితం. ఆ దేశానికి 1948లో స్వాతంత్ర్యం రాకముందే, 1945లోనే, విద్యామంత్రి కన్నంగర పట్టుదల వలన కిండర్‌గార్టెన్ నుంచి విశ్వవిద్యాలయం దాకా ఉచిత విద్య అమలైంది. పట్టణాల ఇంగ్లీషు పాఠశాలల్లో డబ్బున్నవారికే దక్కిన చదువు, గ్రామసీమల్లో నెలకొల్పిన సెంట్రల్ స్కూళ్ళ ద్వారా రైతుబిడ్డలకు అందింది. (తేయాకు తోటల్లోని భారత సంతతి కూలీల బిడ్డలను చాలాకాలం వెనుకకు నెట్టిన మచ్చ కూడా ఆ చరిత్రకున్నది. దానిని దాచవలసిన పనిలేదు.) మరి ఇక్కడో? 14 ఏళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అని రాజ్యాంగం 45వ అధికరణం ఆదేశించింది. ఆ గడువు 1960లో ముగిసింది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. నడుమ అర్ధశతాబ్దం!

తాతలు నాటిన చెట్టు కాయలు కోసుకుంటూ నీరు పోయడం మానితే ఏమవుతుందో శ్రీలంక అధ్యాపకులకు తెలుసు. 2012లో అక్కడి విశ్వవిద్యాలయ అధ్యాపక సంఘాల సమాఖ్య మూడు నెలలకు పైగా సమ్మె చేసింది. గాలె నుంచి కొలంబోకు పాదయాత్ర సాగించింది. వారు కోరినది జీతాల పెంపు ఒక్కటే కాదు, విద్యకు 6 శాతం. మనకు ఆదర్శమని చూపుతున్న దేశంలోనే ఆ అంకె కోసం అధ్యాపకులు వీధికెక్కారు. ఈ సంగతి మాత్రం మన పండితుల ప్రసంగాల్లో వినిపించదు.

నిధులు లేవన్న వాదన రైల్వే, తపాలా ఉద్యోగుల ముందు అసలే చెల్లదు. 2004 నుంచి మన ఆదాయపు పన్నుపై 2 శాతం విద్యా సెస్సు కోశారు. 2007లో సెకండరీ, ఉన్నత విద్య పేరిట మరొక శాతం కలిపారు. 2018 నుంచి ఆరోగ్యాన్ని కూడా జోడించి 4 శాతం చేశారు. సెకండరీ, ఉన్నత విద్యా సెస్సు కింద 83 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలైనా దానికి ప్రత్యేక నిధి పనిచేయడం లేదని 2016-17 ఖాతాలను తనిఖీ చేసిన కాగ్ తప్పుపట్టింది. చెల్లించినవారికి లెక్క చెప్పరా?

పైగా, పాఠశాలలు నడపడం రైల్వేల పని కాదని 2015లో బిబేక్ దేబ్‌రాయ్ కమిటీ సెలవిచ్చింది. పిల్లల విద్యాభత్యం ఇస్తున్నాం గదా అంటారు. ఆ భత్యం ఎక్కువగా చేరేది ప్రైవేటు పాఠశాలల గల్లాపెట్టెలకే. మన స్టేషన్లను ఊడ్చే కాంట్రాక్టు కార్మికునికి అదీ లేదు.

సెస్సు వసూలు, ఖర్చుల లెక్కను ప్రతి సంవత్సరం బడ్జెట్‌తోపాటు విడిగా ప్రకటించాలనీ, రైల్వే పాఠశాలల మూసివేతలను ఆపాలనీ, 6 శాతానికి గడువు నిర్ణయించాలనీ మేము కోరుతున్నాము. ప్రతి బ్రాంచి సర్వసభ్య సమావేశం ఈ మూడింటిపై తీర్మానం చేసి కేంద్ర కార్యాలయానికి పంపవలసి ఉన్నది.