హైఫాలో హైదరాబాదు రౌతులు ఏం చేశారు?

"బొమ్మ గుర్రానికి ఏ రంగు వేస్తే ఏమిటండీ, ఆడుకోవడానికేగా!" అనే పెద్దవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ఆ పక్షం కాదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మన బడి పెద్ద తరగతుల పిల్లల్లో కొందరికి ఈ మధ్య బుల్లి సైనికుల పిచ్చి పట్టింది. వేలెడంత కూడా లేని బొమ్మల్ని పెట్టెలతో కొనుక్కొచ్చి, సన్న కుంచెలతో రంగులు వేసి, బల్లమీద కొండలూ వాగులూ పేర్చి, పాచికలు వేస్తూ పాత యుద్ధాలు మళ్ళీ ఆడతారు. ఇదేదో పనిలేని చేష్ట అని కొట్టిపారెయ్యకండి. హెచ్.జి. వెల్స్ అంతటి రచయిత 1913లో 'లిటిల్ వార్స్' అని ఈ ఆటకి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

ఈ పిల్లలకి బాగా నచ్చిన దళం మొదటి ప్రపంచ యుద్ధంలోని భారతీయ లాన్సర్లు, అంటే బల్లెం పట్టిన రౌతులు. అందులో 'హైదరాబాదు లాన్సర్లు' అనే పేరు కనబడగానే పిల్లలకంటే అమ్మానాన్నలకే ఉత్సాహం ఎక్కువైంది. మనవాళ్ళు! ఇంకేముంది, బల్లమీద హైఫా పట్టణం వెలిసింది, హైదరాబాదు రౌతులు బల్లేలు చాచి తుర్కుల మీదికి దూకారు, కింద అట్టముక్క మీద 'హైఫా విజయం, 1918' అని గుండ్రటి అక్షరాలు కూడా పడ్డాయి.

ముందు చిన్న తప్పులు చూద్దాం. పెట్టె మీది బొమ్మలో రౌతు పరేడుకు వెళ్ళేవాడిలా తళతళలాడుతుంటాడు. 1918లో పాలస్తీనా ఎండల్లో తిరిగినవాళ్ళు ఖాకీలో, ఖాకీ రంగు పాగాలతో ఉండేవాళ్ళు. బల్లెం ఉన్నా, తుపాకీ కూడా ఉండేది. గుర్రం మీద రౌతు ఒక్కడే ఉండడు. మేత, నీళ్ళ బకెట్టు, తూటాల పట్టీ, దుప్పటి కూడా ఉంటాయి. ఆ గుర్రాలు చాలావరకు ఆస్ట్రేలియా నుంచి వచ్చినవి. న్యూ సౌత్ వేల్స్ పేరుమీద వాటిని 'వేలర్లు' అనేవారు. ఇక పరుగు సంగతి. నాలుగు కాళ్ళూ ముందుకీ వెనక్కీ బార్లా చాచి గాల్లో తేలే గుర్రాన్ని పాత చిత్రకారులు తెగ వేశారు. మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు 1878లో కాలిఫోర్నియాలో వరసగా ఫోటోలు తీసి, గుర్రం నాలుగు కాళ్ళూ నేల వదిలేది అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడేనని తేల్చేశాడు. అయినా కొన్ని బొమ్మలు ఇంకా పాత పరుగే పరిగెడుతున్నాయి! ఇవన్నీ తెలిస్తే మంచిదే, తెలియకపోయినా కొంప మునగదు. పాగా రంగు కాస్త అటూ ఇటూ అయినందుకు నేను పిల్లల్ని కోప్పడను.

నన్ను ఇబ్బంది పెట్టేది ఆ అట్టముక్క. 1918 సెప్టెంబరు 23న హైఫా మీదికి గుర్రాలు దూకించింది జోధ్‌పూర్ లాన్సర్లు, మైసూరు లాన్సర్లు. హైదరాబాదు లాన్సర్లు ఆ బ్రిగేడులో మూడో దళమే, సందేహం లేదు. కానీ ఆ దాడిలో వాళ్ళు లేరు. వాళ్ళని యుద్ధ ఖైదీల్ని వెనక్కి చేర్చే పనిలో పెట్టారు. మరి ఈ పొరపాటు ఎలా పుట్టింది? ఢిల్లీలో తీన్‌మూర్తి విగ్రహాలు చూసినవాళ్ళకి తెలుస్తుంది. లెనార్డ్ జెన్నింగ్స్ చేసిన ఆ మూడు కంచు విగ్రహాలు మూడు సంస్థానాల రౌతులకి గుర్తుగా 1922లో నిలబెట్టినవి. 2018లో ఆ కూడలికి 'తీన్‌మూర్తి హైఫా చౌక్' అని పేరు మార్చారు. ముగ్గురు ఉన్నారు, హైఫా పేరు ఉంది, కాబట్టి ముగ్గురూ హైఫాలో దూకారనుకోవడం సహజమే.

హైదరాబాదు రౌతులు ముస్లిములు, ఎదుట తుర్కులూ ముస్లిములే, అందుకని ఆంగ్లేయులు వాళ్ళని దూరంగా ఉంచారని కొందరు రాస్తారు. నాకది పూర్తిగా నచ్చే సమాధానం కాదు. 1914 చివరి నుంచీ అదే బ్రిగేడు సూయజ్ కాలువని కాపాడింది ఆ తుర్కుల నుంచే గదా! వేలకొద్దీ ఖైదీలు చేతికి చిక్కితే వాళ్ళని ఎవరో ఒకరు నడిపించుకు వెళ్ళాలి. హైఫాలో జోధ్‌పూర్, మైసూరు దళాల గుర్రాలు 60 చచ్చిపోయాయి, మనుషులు 8 మంది. చరిత్రలో ఆ దాడి నిలిచిపోయింది. దుమ్ములో, ఎండలో, దాహంతో ఉన్న ఖైదీల పక్కన గుర్రాన్ని మెల్లగా నడిపించినవాడికి విగ్రహం తప్ప కథ మిగల్లేదు. పిల్లలు ఆ కథనే బల్లమీద పెడితే ఎంత బాగుంటుంది! 'హైదరాబాదు వాళ్ళు దూకి ఉంటే?' అని ఆడుకోవాలనిపిస్తే ఆడుకోండి, ఆటకి ఆ హక్కు ఉంది. అట్టమీద మాత్రం 'ఇది ఊహ' అని రాయండి.

పేర్లతో ఇంకో చిక్కు కూడా ఉంది. మలయాలో 1941-42లో పోరాడిన '19వ హైదరాబాదు రెజిమెంటు'లో ఎక్కువమంది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంటు అయింది. నిజాం సైన్యానిది వేరే హైదరాబాదు పటాలం. అది 1941 డిసెంబరులో కోట భారు విమానాశ్రయం దగ్గర ఉంది. అయితే అసలు తెలుగువాడు ఎక్కడున్నాడంటారా? కాలినడక సైన్యంలో ఉన్నాడు. ఉత్తరాదిన ఒకప్పుడు కుంపిణీ సిపాయిని 'తిలంగా' అనేవారంటే ఆ మాట మన తెలంగాణ పేరు నుంచి వెళ్ళిందే. తర్వాత వంతెనలు కట్టే మద్రాసు శాపర్లలో ఉన్నాడు. చేతిలో పార ఉన్న బొమ్మ ఏ పెట్టెలోనైనా దొరికితే నాకు చెప్పండి.

ఇంత దూరం ఎందుకు, లిటిల్ ఇండియాలోనే చూడండి. మనం బిర్యానీకి వెళ్ళే రేస్ కోర్స్ రోడ్డుకి ఆ పేరు ఊరికే రాలేదు. 1843 నుంచి గుర్రప్పందాలు ఇక్కడ ఫారర్ పార్కులోనే జరిగేవి. 1933లో బుకిత్ తీమాకి వెళ్ళాయి, తర్వాత క్రాంజికి. 2024 అక్టోబరుతో సింగపూరులో పందాలే ఆగిపోయాయి. గుర్రాలు వెళ్ళిపోయిన ఆ మైదానంలోనే 1942 ఫిబ్రవరి 17న, సింగపూరు లొంగిపోయిన రెండో రోజు, 40,000కు పైగా భారతీయ సైనికుల్ని సమావేశపరచి జపాను వాళ్ళకి అప్పగించారు. సింగపూరుతో పాటు ఖైదైన దళాల్లో 'థర్డ్ కావల్రీ' అనే ఆశ్విక దళం కూడా ఉంది. పేరుకే ఆశ్విక దళం. అప్పటికి గుర్రాలు వదిలేసి మోటారు బండ్లకి మారింది. ఎదుటి జపాను సైనికులు మలయా అంతా సైకిళ్ళు తొక్కుకుంటూ దిగొచ్చారు. ఈ యుద్ధం ఆడే పిల్లవాడు బల్లమీద గుర్రం పెట్టాడంటే తప్పే.

వచ్చే వార్షికోత్సవానికి పిల్లలు ఆ ఫారర్ పార్కునే బల్లమీద పెడితే బాగుంటుందని నా మనవి. గుర్రాల పెట్టెలు కొనక్కర్లేదు. నిలబడ్డవాళ్ళు, కూర్చున్నవాళ్ళు, తుపాకీ లేని సైనికులు కావాలి. వందమందికి ఒక బొమ్మ చొప్పున లెక్క వేసుకున్నా 400 అవుతాయి. పిల్లల వల్ల ఒక్కరోజులో అయ్యే పని కాదు, అమ్మానాన్నలు కూడా కుంచెలు పట్టాల్సి వస్తుంది.