జేబు పలచనైతే ఊరు దగ్గరౌతుంది

సంఘం ఎన్నికల్లో ఏ పక్షం గెలిచినా మన కళాశాలలో మారని వాగ్దానం ఒకటుంది. అది విహారయాత్ర. దానికో డీలక్సు బస్సు, బస్సులో చెవులు చిల్లులు పడే పాటలు, మూడు రోజుల్లో ఏడు ఊళ్లు. పొద్దున ఒక గుడి, మధ్యాహ్నం ఒక డ్యాము, సాయంత్రం ఒక సముద్రం. తిరిగొచ్చాక "ఏం చూశారోయ్?" అంటే ఫోన్లో ఫోటోలు తిప్పుతారే గాని నోటివెంట మాట రాదు. ఈ పద్ధతికి స్వస్తి చెప్పి, ఒకే ఊరికి, తక్కువ డబ్బుతో, తీరిగ్గా వెళ్లిరావడం నేర్చుకోవాలని నా వాదన.

నా వాదనకు సాక్షి విశాఖపట్నం. కిందటి సెలవుల్లో మేము ముగ్గురు మిత్రులం హైదరాబాదులో రైలెక్కి అక్కడికి వెళ్లాము. మూడు పగళ్లు, రెండు రాత్రులు ఉన్నాము. రానూ పోనూ జనరల్ బోగీ, ముగ్గురికీ కలిపి ఒకే గది, తిరగడానికి సిటీ బస్సు, లేదంటే కాళ్లు. అన్నీ కలిపి మనిషికి రెండువేలు దాటలేదు. ఇదేదో ఘనకార్యమని చెప్పడం లేదు. జేబులో ఇంకా ఉంటే ఇంకా ఖర్చు పెట్టేవాళ్లమే! అయితే లేకపోవడం వల్ల జరిగిన మేలు కూడా ఉంది. అది చెప్పుకోవాలి గదా.

డబ్బున్నవాడు బీచిరోడ్డులో దిగుతాడు. మేము పాతఊళ్లో దిగాము. అందువల్ల ఆ ఊరు ఎక్కడ పుట్టిందో మొదటి పూటే తెలిసింది. ఓడలు వచ్చే కాలువ పక్కన మూడు చిన్న కొండలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933లో తెరిచిన రేవు ఇక్కడిది. మేడ మీద నిలబడితే ఇళ్ల కప్పుల వెనక నుంచి ఓడ మెల్లగా జరిగిపోతుంటుంది. మొదటిసారి చూసినవాడికి వీధే కదులుతున్నట్టుంటుంది. అదే మేడ మీద పిట్టగోడ తుడిస్తే చెయ్యి నల్లబడింది. బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము తమ ఇళ్ల మీద పడుతోందని పాతఊరి వాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. ఓడ అందమూ, దుమ్ము బాధా ఒకే కిటికీలోంచి కనబడాలంటే చవక లాడ్జీలోనే దిగాలి.

మర్నాడు తెల్లవారకముందే చేపలరేవుకి నడిచాము. 2023 నవంబరులో ఒక రాత్రి ఇక్కడే పదులకొద్దీ మరపడవలు తగలబడిపోయాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు ఇల్లెలా గడవాలన్నది అక్కడి ప్రతి మనిషికీ తెలిసిన లెక్క. మన అర్థశాస్త్రం పుస్తకంలో అది లేదు. మేము గంపల మధ్య తెల్లమొహాలు వేసుకుని నిలబడితే ఒకామె అడిగింది: "ఏటి బాబూ, కొంతారా, సూత్తారా?" "చూడ్డానికే వచ్చామమ్మా" అన్నాము బిక్కమొహంతో. ఆమె పకపకా నవ్వి, "సూడ్డానికి డబ్బులేటి బాబూ, సూడండి!" అంది.

మిత్రులారా, నా ప్రేమకథ అంతా ఆ మాటలోనే ఉంది. ఆ ఊళ్లో గొప్పవన్నీ దాదాపు ఉచితం. భీమిలి బస్సెక్కితే దారిపొడుగునా కుడిచేతి పక్క సముద్రమే. మధ్యలో దిగి తొట్లకొండ ఎక్కవచ్చు. వాననీరు నిలవ చేసుకోవడానికి బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్ల వల్లనే దానికాపేరు. మళ్లీ బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగవచ్చు. గాలీ నీరూ వేల ఏళ్లు చెక్కిన ఆ ఇసుక దిబ్బల్లో నడిస్తే మన జియాలజీ లెక్చరరుగారు బోర్డు మీద గీసిన గీతలు ప్రాణం పోసుకుంటాయి. చివర భీమిలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ల సమాధులున్న ఊరు. డీలక్సు బస్సు ఈ దారినే పోతుంది. ఆగేది మాత్రం భోజనానికి!

ఇక సాయంత్రం రామకృష్ణా బీచి. మిక్చరు బండి దగ్గర కూలివాడూ, బ్యాంకు ఆఫీసరూ ఒకే వరసలో నిలబడతారు. ఇసుకలో కూర్చున్నాక ఎవడి జీతమెంతో కనిపెట్టడం కష్టం. శ్రీశ్రీ 1910లో పుట్టిన ఊరు, రావిశాస్త్రి నల్లకోటు వేసుకుని కోర్టుకెళ్లి పేదల గోడు కథలుగా రాసిన ఊరు ఇదెందుకయిందో ఆ ఇసుకలో కూర్చుంటే కొంత బోధపడుతుంది.

ఆ ఇసుక కూడా ఊరికే రాలేదు సుమా! తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970లలో బయటి హార్బరుకి కట్టిన రాతికట్టలు దాన్ని అడ్డుకుంటాయి. ఉత్తరాన ఉన్న బీచికి రావలసింది రాదు, ఉన్నది కోసుకుపోతుంది. అందుకే సముద్రంలో తవ్విన ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా బీచిలో పోస్తుంటారు. ఊరిని ప్రేమించడమంటే ఫోటో తీసుకోవడం ఒక్కటే కాదు, దాని జబ్బు కూడా తెలుసుకోవడం.

పెద్దలు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. "పిల్లల క్షేమానికి ఎవరు పూచీ?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ బీచిలో నీళ్లలోకి దిగి కొట్టుకుపోయినవారు చాలామంది, వారిలో విద్యార్థులూ ఉన్నారు. కాబట్టి స్నానాలు వద్దు, ఒడ్డునే కూర్చోవాలి. ఈ నియమం డీలక్సు బస్సులో వచ్చినవాడికీ వర్తిస్తుంది. "ఆడపిల్లలను జనరల్ బోగీలో, చవక లాడ్జీలో ఎలా పంపుతాం?" అంటారు. పంపవద్దు. స్లీపరు టిక్కెట్లు ముందుగా కొనండి. బసకు మరో దారి ఉంది. 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అక్కడ ఉంది. సెలవుల్లో హాస్టలు గదులు ఖాళీగా ఉంటాయి. మన హాస్టలు వారికి, వారి హాస్టలు మనకు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఎందుకు చేసుకోకూడదు? మన సంఘం ఒక ఉత్తరం రాసి అడిగితే పోయేదేముంది?

ఇదంతా ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానంటే కారణముంది. ప్రతి ఏడూ యాత్ర డబ్బులు కట్టవలసిన వారంలోనే మన తరగతుల్లో నలుగురైదుగురికి ఒంట్లో బాగుండదు. ఒకడి అక్కకు పెళ్లిచూపులు వస్తాయి. ఇంకొకడికి పొలం పనులు పడతాయి. ఆ జబ్బు పేరు మనందరికీ తెలుసు. తెలియనట్టు నటిస్తాము. వాడిది అభిమానం, మనది మొహమాటం. బస్సు బయలుదేరుతుంది. సముద్రాన్ని ఎన్నడూ చూడని కుర్రవాడు హాస్టలు వరండాలో నిలబడి చెయ్యి ఊపుతాడు. సంఘం అందరిదీ అయినప్పుడు, సంఘం పేరు మీద జరిగే యాత్ర కొందరిదే ఎలా అవుతుంది?

ఇలాంటి గీతే సముద్రం దగ్గరా గీయబోయారు. 2023 జులైలో ఋషికొండ తీరానికి 20 రూపాయల ప్రవేశ రుసుము పెడతామంటే జనం ఒప్పుకోలేదు, ఆ ఆలోచన వెనక్కి పోయింది. ఇరవై రూపాయలు పెద్ద మొత్తమా అనవచ్చు. ఐదుగురున్న కూలివాడి ఇంటికి అది వంద. వంద చూసుకుని వాడు ఇంట్లోనే ఉండిపోతాడు. అక్కడి టిక్కెట్టు వాడి కుటుంబాన్ని ఆపుతుంది, ఇక్కడి బస్సు చార్జీ మన మిత్రుణ్ణి ఆపుతుంది.

కాబట్టి రాబోయే కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఏడు ఊళ్లు వద్దు, ఒక ఊరు చాలు. రైలు చాలు, సిటీ బస్సు చాలు. మన తరగతిలో అందరికన్నా పేదవాడు ఎంత ఇవ్వగలడో ముందు కనుక్కోండి. యాత్ర ఖర్చు అక్కడినుంచి లెక్క కట్టండి. ఆ లెక్కలో ఒక్కడు కూడా వరండాలో మిగలకూడదు.