రికమండేషన్ లెటర్ ఎమ్మెల్యే గారిది కాదు, మన రాత చదివిన మేడం గారిది కావాలి



లాసెట్, క్లాట్ రాసేవాళ్లకు ఈ గొడవ లేదు. అక్కడ ర్యాంకు, కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు చూస్తారు, ఎవరి లేఖా అడగరు. కానీ లా అయ్యాక బయటి దేశంలో ఎల్‌ఎల్‌ఎం చేద్దామనే మాట మా వడ్లమూడి హాస్టల్ గదుల్లో కూడా ఇప్పుడిప్పుడే వినపడుతోంది. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఎస్టీలకు ఏటా 20 ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. దేశం మొత్తానికి 20. అయితే అక్కడి యూనివర్సిటీలో సీటుకి మామూలుగా ఇద్దరి లేఖలు కావాలి. ఆ ఇద్దరు ఎవరు అన్న దగ్గరే మేము ఆగిపోతున్నాం.

మన ఇళ్లల్లో సిఫార్సు అంటే తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే గారిచ్చే లెటరే. అందుకే నాన్నవాళ్లు "ఎవరైనా పెద్దాయన్ని పట్టుకుందాం" అంటారు. వాళ్లు చూసిన లోకం అది. కానీ మన క్లాసు మొహం చూడని మనిషి రాస్తే చదివేవాళ్లకి రెండు వాక్యాల్లో తెలిసిపోతుంది. మన పేరు తెలియని ప్రిన్సిపాల్ సంతకమూ అంతే.

అంబేద్కర్ గారి సంగతి చూడండి. కొలంబియాలో ఆయనకి పాఠం చెప్పిన ప్రొఫెసర్ సెలిగ్మన్, ఆయన గురించి లండన్‌లోని ప్రొఫెసర్లకు లేఖలు రాశారు. ఆయన పని దగ్గర్నుంచి చూసిన గురువు కాబట్టి ఆ మాటకు విలువ.

మాకు వచ్చే చిక్కు వేరే. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్లం, వెనక బెంచీలో కూర్చుంటాం, డౌటు అడగాలంటే నోరు రాదు. మూడేళ్లు గడిచినా మా పేరు తెలిసిన లెక్చరర్ ఒక్కరూ ఉండరు. కాబట్టి వెతుకులాట చివరి సంవత్సరంలో కాదు, రెండో ఏడులోనే మొదలెట్టాలి. మార్కులు ఎక్కువేసిన సారు కన్నా, మన ప్రాజెక్టు పేపరు మీద ఎర్ర పెన్నుతో గీతలు గీసి మళ్లీ రాయించిన గెస్ట్ లెక్చరర్ మేడమే మేలు. రెండో లేఖ, యూనివర్సిటీ ఒప్పుకుంటే, కోర్టు పని నేర్పిన అడ్వొకేటు గారిది. న్యాయ సేవల సంస్థల్లో పారా లీగల్ వాలంటీరుగా చేస్తే మన పని చూసినవాళ్లు అక్కడా ఉంటారు. 1987 చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆ పని మన జనానికీ అక్కరకొస్తుంది.

"నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు కొందరు. ఒప్పుకోవద్దు. మార్కుల లిస్టు, మన పేపర్లు, ఎందుకు చదవాలనుకుంటున్నామో ఒక పేజీ, ఇవి నెల ముందే చేతికివ్వాలి. రాయడం వాళ్ల పని.

ఇంకొకటి. లేఖలో మన పేదరికమే నింపితే వద్దని మర్యాదగా చెప్పాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో మన ఎరుకల పెద్దల్ని పుట్టుకతోనే నేరస్థులని రిజిస్టర్లలో రాశారు. ఆ క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో గానీ పోలేదు. మన గుణం గురించి ఇంకొకరు రాయడం మనకి కొత్త కాదు. ఈసారి రాసేదెవరో మనం ఎంచుకోవచ్చు, మన బుర్ర గురించి రాయమని అడగొచ్చు.

అడిగినప్పుడు వాళ్లు తటపటాయిస్తే దణ్ణం పెట్టి ఇంకొకరి దగ్గరికి వెళ్దాం. ఎల్‌ఎల్‌ఎంకి అప్లై చేసిన సీనియర్లు ఎవరి చేత రాయించుకున్నారో, ఎలా అడిగారో మన గ్రూపులో రాయండి. మాలో ఇద్దరు ఈ ఏడాదే అడగాలి.