వేలాడే చర్మం తీయించుకోవడం సోకు కాదు

నలభై, యాభై కిలోలు తగ్గిన మనిషిని అందరూ మెచ్చుకుంటారు. అదే మనిషి పొట్ట మీద వేలాడుతున్న చర్మాన్ని ఆపరేషన్ చేసి తీయించుకుంటానంటే మాత్రం ఇంట్లోవాళ్ల దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటు వాళ్ల దాకా ఒకటే మాట: "తగ్గావు కదా, ఇంకా ఈ సోకులెందుకు?" ఇన్సూరెన్స్ కంపెనీ ఇదే మాటను పాలసీ భాషలో చెబుతుంది. ఈ అభిప్రాయం తప్పు. కష్టపడి బరువు తగ్గినవాళ్లకు అది అన్యాయం కూడా.

ఆ చర్మంతో రోజు ఎలా గడుస్తుందో ముందు చూడాలి. పొట్ట కింది మడత తొడల మీదికి జారి ఉంటుంది. కోస్తా జిల్లాల్లో మే నెల ఉక్కపోతకు దాని కింద చెమట ఆరదు. స్నానం చేశాక ఒక చేత్తో మడత ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో పాత నూలు గుడ్డతో తడి అద్దుకోవాలి. పౌడర్ చల్లితే కాసేపటికే చెమటకు తడిసి ఉండలు కడుతుంది. లంగా బొందు ఆ మడత దగ్గరే ఒరుసుకుంటుంది. ఒరిసినచోట చర్మం కంది, చిట్లి, ఫంగస్ పట్టి వాసన వేస్తుంది. ఆయింట్‌మెంట్ రాసినన్నాళ్లు తగ్గినట్టే ఉండి, ఆపగానే తిరగబెడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు అక్కడ పుండు పడితే మానడమూ కష్టమే. పైగా బరువు మళ్లీ పెరగకూడదంటే రోజూ నడవాలని డాక్టర్ చెబుతారు. అడుగు తీసి అడుగు వేస్తే మడత ఊగి నడుము లాగేస్తుంటే ఎలా నడుస్తారు?

"ఎక్సర్‌సైజ్ చెయ్యి, అదే బిగుస్తుంది" అనేది రెండో సలహా. చర్మానికి బిగువునిచ్చేవి కొలాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు. ఏళ్ల తరబడి సాగి ఉంటే అవి దెబ్బతింటాయి. పది కిలోలు తగ్గిన పాతికేళ్ల కుర్రాడి చర్మం చాలావరకు సర్దుకోవచ్చు. యాభై కిలోలు తగ్గిన నడివయసు మనిషికి ఆ ఆశ లేదు. ఎక్సర్‌సైజ్‌తో గట్టిపడేది కండ. అంతగా సాగిపోయిన చర్మాన్ని ఆముదం మర్దనా, ఖరీదైన క్రీములూ వెనక్కి లాగలేవు. ఈ సంగతి చెప్పకుండా "ఇంకాస్త కష్టపడు" అనడమంటే, అప్పటికే ఎంతో కష్టపడ్డ మనిషిని బద్ధకస్తుల్లో జమకట్టడమే.

ఇక అందం కోసమే అంటారా? ఈ ఆపరేషన్‌లో కోత ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా సాగుతుంది. చేతులకైతే చంక నుంచి మోచేతి దాకా. మచ్చ కాలక్రమంలో లేతబడుతుంది గానీ పోదు. జన్మంతా ఉండే అంత మచ్చకు సిద్ధపడేవాళ్లు కోరుకునేది ముందుగా ఉపశమనం. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో ఇలాంటి వేలాడే పొట్టను తొలగించి 1899లో ఆ వివరాలు ప్రచురించిన హోవర్డ్ కెల్లీ గైనకాలజిస్టు, అందాల డాక్టరు కాదు. ఉపశమనంతో పాటు, అద్దం ముందు సిగ్గుపడకుండా నిలబడాలన్న కోరిక కూడా ఉంటే అందులో తప్పేముంది?

ఈ వ్యతిరేకతలో నేను గౌరవించేది ఒక్కటే, భయం. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో మరణించినప్పుడు, కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. ఆ దుఃఖం మన ఇళ్లలో చాలామందికి గుర్తుంది. కానీ లైపోసక్షన్ గొట్టంతో కొవ్వు లాగే పద్ధతి. అది వేలాడే చర్మాన్ని తీయదు. చర్మం తీసే ఆపరేషన్‌కు దాని ప్రమాదాలు దానికున్నాయి. కోత కింద నీరు చేరవచ్చు, కుట్లు విడిపోవచ్చు, కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పాకవచ్చు. అందుకే బరువు తగ్గించే (బేరియాట్రిక్) సర్జరీ అయ్యాక సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉండాలి. ప్రొటీన్, ఐరన్ లోపాలు సరిచేసుకోవాలి, సిగరెట్ మానేయాలి. ఇవన్నీ చూసుకుని ఆపరేషన్ పెద్ద ఆస్పత్రిలో, ప్లాస్టిక్ సర్జన్ పర్యవేక్షణలో జరగాలి. సోకని ముద్ర వేస్తే మనిషి ఎవరికీ చెప్పకుండా, డిస్కౌంట్ ప్రకటన చూసి ఏదో ఒక క్లినిక్‌కు పోతాడు. ప్రమాదం అక్కడే పెరుగుతుంది.

ఇన్సూరెన్స్ తీరు మరీ విడ్డూరం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో కవరేజీ మినహాయింపులను ప్రామాణికం చేస్తూ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ కనీసం 40 ఉన్నా, కనీసం 35 ఉండి తీవ్రమైన అనుబంధ జబ్బులున్నా, బరువు తగ్గించే సర్జరీ మినహాయింపు కిందికి రాదు. కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి మాత్రం ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికో, లేదా ఆరోగ్యానికి నేరుగా, తక్షణం ముప్పు ఉంటేనో తప్ప వీల్లేదు. ఏళ్ల తరబడి తిరగబెట్టే పుండును తక్షణ ముప్పుగా ఏ డాక్టరు సర్టిఫై చేయగలరు? ఇది ఏనుగునిచ్చి అంకుశం దాచినట్టుంది. అమెరికాలో చాలా కంపెనీలు మడత ఎంత కిందికి జారిందో, మందులు వాడినా ఇన్ఫెక్షన్ ఎన్ని నెలలుగా తగ్గలేదో చూసి పొట్ట చర్మం తీసే ఖర్చు భరిస్తాయి. అలాంటి కొలతలు మనమూ రాసుకోవచ్చు. అందం కోసమే వచ్చేవాళ్లనూ, పుండుతో వచ్చేవాళ్లనూ వేరుచేయడానికి అవి చాలు.

ఇది పదిమంది బాధ అని తోసేయడానికి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం అధిక బరువు, ఊబకాయం ఉన్న మహిళలు దేశంలో 24 శాతమైతే తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. 2025లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో, వెగోవీ మన మార్కెట్‌లోకి వచ్చాయి. వాటితో వేగంగా తగ్గేవాళ్లు ఇకపై ఊరూరా ఉంటారు. వాళ్లలో చాలామందికి ఈ చర్మం మిగులుతుంది.

కాబట్టి బరువు తగ్గించే డాక్టర్లు చర్మం వేలాడుతుందన్న సంగతి మొదటి రోజే చెప్పాలి. ఐఆర్‌డీఏఐ నిబంధనలో "తక్షణ" ముప్పు పక్కన "దీర్ఘకాలిక" బాధకూ చోటివ్వాలి. ఊబకాయాన్ని జబ్బుగా ఒప్పుకున్నవాళ్లు, ఆ జబ్బు మిగిల్చిన చర్మాన్ని సోకుల పద్దులో రాయడం మానుకోవాలి. చికిత్స మొదలుపెట్టించినవాళ్లకు దాన్ని చివరిదాకా నడిపించే బాధ్యత ఉంది.